ఇనపోళ్ళ పక్షాన నిలబడ్డ మనిషి

ఇనపోళ్ళు మళ్ళీ వచ్చారు.

పోయిన వారం బత్తలపల్లె బస్టాండు పక్కన హోటల్లో కూర్చుని ధర్మవరం బస్సు కోసం చూస్తున్నాను. గోడకు ఎత్తున బిగించిన టీవీలో ఆ పాత విదేశీ సీరియల్‌ను తెలుగు మాటలతో మళ్ళీ వేస్తున్నారు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, దానికొక అందమైన కెప్టెను. నాలుగు వారాలకోసారి ఎక్కడి నుంచో వరస కట్టి నడిచివచ్చే ఆ జాతి. ముఖమంతా ఇనప రేకు, నోరు మాత్రం మనిషి నోరు. వాళ్ళు బతికున్న మనుషుల్ని పట్టుకుపోతారు. గుండె తీసి ఆ చోట మిషను పెడతారు. పట్టుబడినవాడు మర్నాడు వాళ్ళ వరసలోనే నడుస్తూ కనిపిస్తాడు. అందరిదీ ఒకటే గొంతు, ఒకటే మాట: "నొప్పి ఉండదు. భయం ఉండదు. రండి." సీరియల్ పేరు మా ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. వాళ్ళకు మాత్రం ఇనపోళ్ళని పేరు పెట్టుకున్నాం.

హోటలాయన రిమోటు అందుకున్నాడు. "మారుస్తా ఉండు సామీ, పాతదే ఇది."

"ఉండనీ అప్పా," అన్నాను.

టీ చల్లారిపోయింది. తెరమీద ఆ ఇనప పాదాలు నేలకు తగులుతుంటే నా పక్కన ఒక గొంతు వినిపించాల్సిన వేళ అనిపించింది. "ఆ మూడో వానికి మోకాలి కాడ గ్రీసు లేదు అయ్యగారూ. వినండి, ఎట్ల కీచుమంటాందో."

ఆ మాట అనే మనిషి పోయిన ఎండాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన మా సంఘంలో పెద్ద. చేసే పని కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టడం. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఎప్పుడూ వార్నిష్ వాసన. కాయిలు చుట్టేటప్పుడు ఆయన అంకెలు లెక్కపెట్టేవాడు కాదు, పాట పాడేవాడు. ఒక చరణానికి ఇన్ని చుట్లని ఆయన చేతికి తెలుసు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పాట తప్పేది. పాట తప్పితే చుట్లు తప్పినట్టే. అప్పుడు చుట్టిందంతా విప్పి పల్లవి నుంచి మొదలుపెట్టేవాడు. ఈ సంగతి తెలియని రైతులు "ఏమన్నా, అయిందా?" అని రోడ్డు మీంచే కేకవేసి తమ మోటారును తామే గంట ఆలస్యం చేసుకునేవాళ్ళు.

ఆయనకు పేరొచ్చింది మాత్రం చెవి వల్ల. జానెడున్నర పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ దగ్గరుండేది. దాని మొనను తిరిగే మోటారుకో, మోటారు దించిన బోరు పైపుకో ఆనించి, కొయ్య పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. కళ్ళు తెరిచి "బేరింగు," అంటే బేరింగే. "మోటరు బాగుండాది, లోపల నీళ్ళే తగ్గినాయి," అంటే ఆ రైతు అక్కడే కూలబడేవాడు. అలాంటప్పుడు ఆయన సామాన్లు సర్దుకోకుండా ఆ రైతు పక్కనే కాసేపు కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ కూర్చోవడాన్ని నేను చాలాసార్లు చూశాను. ఓదార్పు మీద నేను చెప్పిన ప్రసంగాలన్నీ కలిపినా దానికి సరిపోవు.

ఆయన గురించి మా సంఘంలో ఎవరిని అడిగినా ముందు చెప్పేది కన్నీళ్ళ సంగతి. ఆయన ప్రార్థనకు నిలబడితే రెండో మాటకే గొంతు వణికేది, మూడో మాటకు తువ్వాలు కళ్ళ మీదికి వచ్చేది. పాపం ఒప్పుకున్నా ఏడుపే, వాన కోసం అడిగినా ఏడుపే, వాన వచ్చినందుకు స్తోత్రం చెప్పినా ఏడుపే. ఆదివారం బడి పిల్లలు ఆయన్ని అనుకరించి దెబ్బలు తిన్నారు. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడంటే పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

సాయంత్రం ఏడు గంటలకు పని ఆపి షెడ్డులోని చిన్న టీవీలో ఆ సీరియల్ పెట్టేవాడు. వీధిలో సగం మంది అక్కడే చేరేవాళ్ళు. ఆయన దాన్ని కథగా చూసేవాడు కాదు, రిపేరుకొచ్చిన సరుకులా చూసేవాడు. "ఆ చెయ్యి తిప్పేదానికి అంత మోత ఎందుకురా? గేరు అరిగింటాది," అనేవాడు. కెప్టెను ఇనపోళ్ళను పేల్చేస్తే అందరితో పాటు ఆయనా చప్పట్లు కొట్టేవాడు. ఆ రోజుల్లో ఆయనది కెప్టెను పక్షమే.

ఆ రోజుల్లో నాకొక గర్వం ఉండేది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా వాక్యం చెబుతానని. దేవుడు రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తానన్న వాగ్దానం మీద ఒక ఆదివారం ప్రసంగించాలి. రాయి గురించి మా వాళ్ళకు కొత్తగా ఏం చెబుతాం? మా చేలన్నీ రాళ్ళే. అందుకని ఇనపోళ్ళను పట్టుకొచ్చాను. "ఎదలో మాంసం ఉండాల్సిన చోట మిషను పెట్టించుకున్నవాడికి దేవుని స్వరం వినపడదు. సాటి మనిషి ఏడుపు వినపడదు. వాడు నడుస్తాడు, మాట్లాడతాడు, కానీ మనిషి కాడు," అన్నాను. ప్రసంగం చెప్పే పుల్పిట్ దిగి ఇనపోళ్ళలా బిర్రబిగుసుకుని నాలుగడుగులు నడిచి చూపించాను కూడా. పిల్లలు పడి పడి నవ్వారు. పెద్దలు ఆమెన్ అన్నారు. అదే ప్రసంగాన్ని ధర్మవరంలో ఒకసారి, మడకశిర వైపు కూటాల్లో రెండుసార్లు చెప్పాను. మడకశిరలో ఇంట్లో కన్నడం మాట్లాడుకునే ముసలమ్మలు కూడా ఆ నడకకు నవ్వారు.

ఈయన ముందు వరసలో కూర్చుని ఏడ్చాడు. ఏ ప్రసంగానికైనా ఏడుస్తాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఏడాది తిరగకముందే ఆయన ఒక బోరు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. వారంలో మళ్ళీ పడ్డాడు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి డాక్టరు తేల్చి చెప్పాడు: గుండె కొట్టుకోవాల్సిన వేగంలో సగమే కొట్టుకుంటోంది, ఏ రోజైనా ఆగిపోవచ్చు, ఎదలో చిన్న మిషను ఒకటి పెట్టాలి. ఆయన లేచి చొక్కా వేసుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. పెళ్ళి కాలేదు, తండ్రికి ఆమే దిక్కు, ఆమెకు తండ్రే దిక్కు. "మీరొచ్చి చెప్పండి అయ్యగారూ. నాయన వద్దంటాండాడు. ఎందుకంటే నోరు తెరవడు," అంది.

వెళ్ళాను. షెడ్డులో బల్లమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో తీగ లేదు, నోట్లో పాట లేదు.

"కూచోండి అయ్యగారూ. ప్రార్థన చేసి పోండి. మిషను మాట మాత్రం ఎత్తొద్దండి."

"ఎందుకన్నా? నొప్పికి భయమా?"

"నొప్పా? ఈ వేలు చూడండి. బెల్టులో పడి నలిగింది. కుట్లేస్తా ఉంటే పాట పాడుకుంటా కూచున్నా."

"మరేంటి?"

ఆయన టీవీ వైపు చూశాడు. అది ఆపేసి ఉంది. "మీరే చెప్పినారు గదా."

"నేనా? నేనేం చెప్పాను?"

"ఎదలో మిషను పెట్టించుకున్నోడు మనిషి కాడని. దేవుని గొంతు వాని చెవికి రాదని. నడిచి గూడా చూపించినారు."

ముందు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక వెళ్ళి బల్లమీద ఆయన పక్కన కూర్చున్నాను.

"అది పోలిక అన్నా," అన్నాను.

"పోలికంటే అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"అయితే నిజమా?"

వేదాంత బడిలో నాకు చాలా ప్రశ్నలకు జవాబులు నేర్పారు. ఈ ప్రశ్నకు నేర్పలేదు.

కూతురు టీ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. "నాయనా, టీవీలో బొమ్మల్ని చూసి పానం తీసుకున్నోడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే అయితావు. పేపర్లో ఏస్తారు," అంది. గొంతులో వేళాకోళం ఉంది, గ్లాసు మాత్రం టీ ఒలికేంత గట్టిగా పెట్టింది.

"ఏయనీలేమ్మా," అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి గొంతు తగ్గించాడు. "దీని తల్లి పోయి తొమ్మిదేండ్లాయ అయ్యగారూ. పొద్దున లేస్తానే ఆమె గుర్తుకొస్తాది. ఈడ పట్టుకుంటాది." ఎద మీద చెయ్యి పెట్టాడు. "అది గూడా పోతే నేనింకేం పెట్టుకోని బతకాల? మొన్న సీరియల్లో చూడలేదా, ఒగన్ని పట్టుకుపోయి మార్చినారు. పెండ్లాము ఎదురొచ్చి నిలబడితే గుర్తుపట్టల్యా వాడు. ప్రార్థనలో ఏడుపు రాకపోతే నేను దేవునితో ఏం మాట్లాడేది? నాకు వేరే బాస రాదు."

"అన్నా, నేను చెప్పింది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఈడనా? టీ తాగుతానా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "అట్ల కుదరదు. నిలబడి చెప్పినారు, సంఘమంతా విన్యారు. కూచోని ఒగనికి చెప్తే అది యాడికి పోతాది?"

అందుకని ఆ మరుసటి ఆదివారం పుల్పిట్ ఎక్కాను. నాకు సిగ్గుగా ఉంది. ఆ ప్రసంగం నాకు పేరు తెచ్చింది. చుట్టుతిప్పి చెప్పాలని చూశాను. "కొంతకాలం కిందట నేను చెప్పిన ఒక పోలికను కొందరు వేరుగా అర్థం చేసుకుని ఉండొచ్చు..."

ముందు వరసలో ఆయన చెయ్యెత్తాడు. వాక్యం మధ్యలో చెయ్యెత్తడం మా సంఘంలో ఎవరూ చూడలేదు. "అయ్యగారూ, అర్థం చేసుకున్నోళ్ళది తప్పా, చెప్పినోళ్ళది తప్పా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా భార్య తలవంచుకుంది.

"చెప్పినోడిది," అన్నాను. "గుండె అంటే వాక్యంలో ఎదలోని కండ కాదు. కండ ఆగకుండా మిషను పెట్టుకున్నంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడు. నేను పొరపాటు చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తృప్తిగా తలాడించాడు. ఒప్పుకోవాలి, ఆ రోజు ఆ మాట నేను పూర్తిగా నమ్మి అనలేదు. ఆయన ఆసుపత్రికి వెళ్ళాలని అన్నాను. నా మనసులో ఆ ప్రసంగం మీద మమకారం అలాగే ఉంది.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. పెట్టబోయే మిషనును చూపించమని పట్టుబట్టాడు. డాక్టరు చూపించాడు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. అరచేతిలో తిప్పి చూసి "దీంట్లో చుట్లు ఎన్ని సార్?" అని అడిగాడు. డాక్టరు నవ్వి, అందులో కాయిలు తిరిగేదేమీ లేదని చెప్పాడు. "కాలితే ఎవరు చుడతారు?" కాలదని, బ్యాటరీ తగ్గితే కొన్నేళ్ళకు మారుస్తారని చెప్పాడు. అంతలో నర్సు తలుపు తీసి ఆప్యాయంగా పిలిచింది. "నొప్పి ఉండదు తాతా, భయపడొద్దు, రండి."

ఆయన నా ముఖం చూసిన చూపు ఈ జన్మకు మర్చిపోలేను. వెళ్ళాడు మాత్రం నవ్వుతూనే వెళ్ళాడు.

పని బాగా జరిగింది. కళ్ళు తిరగడం పోయింది. అయితే డాక్టరు ఒక షరతు పెట్టాడు: వెల్డింగు పనికి, తిరిగే పెద్ద మోటార్లకు దగ్గరగా వెళ్ళకూడదు. మోటారు మీద చెవి పెట్టే మాట అసలే లేదు. షెడ్డులో మోటార్లు తిప్పి చూసే చోటి నుంచి పది అడుగులు కొలిచి మడమతో నేలమీద గీత గీసుకున్నాడు. గీతకు ఇవతల ఆయన, అవతల కూతురు. ఆయన పాట పాడితే ఆమె చుట్టేది. రెండు నెలల్లో ఆమె చెయ్యి తండ్రి చేతిని పట్టేసింది. "తీగ బిగువుగా పట్టు, గాజులు తొడుక్కుంటాండావా?" అని ఈయన కసిరితే "గాజులు తొడుక్కోనే చుడతాండా, నువ్వు సరిగ్గా పాడు ముందు," అని ఆమె ఎదురు కసిరేది.

కానీ కన్నీళ్ళు రాలేదు.

ఆపరేషనయ్యాక మొదటి ఆదివారం ప్రార్థనకు నిలబడ్డాడు. మాటలు వచ్చాయి, గొంతు వణకలేదు. తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది. మధ్యలోనే ఆపి కూర్చున్నాడు. డాక్టరును అడిగితే మందుల వల్ల కావచ్చు, నీరసం వల్ల కావచ్చు, మిషనుకూ కన్నీళ్ళకూ ఏ సంబంధమూ లేదన్నాడు. ఈయన విన్నాడు, నమ్మలేదు.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ప్రభువు చివరి విందును తలచుకుని రొట్టె పంచుకోవడం. ఎవరిని వారు పరీక్షించుకుని రొట్టె తీసుకోవాలి. పళ్ళెం పట్టుకుని వరసల వెంట నేనే వెళతాను. ఆ నెల ఆయన ముందు ఆగితే అరచెయ్యి అడ్డం పెట్టాడు. "చూసుకుంటాండా అయ్యగారూ. నేను ఏమయినానో ఇంగా తెలీల్యా. తెలియకుండా తీసుకుంటే తప్పు." పైనెలా అదే చెయ్యి. ఆ తర్వాతా అదే. నాలుగైదు నెలలకు ఆయన దగ్గర ఆగి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే ఆగకుండా వెళ్ళడం మొదలుపెట్టాను.

సీరియల్ మాత్రం మానలేదు. అయితే పక్షం మారింది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి కెప్టెను మీద మండిపడుతున్నాడు. "వచ్చిన ప్రతిసారీ పేల్చేదే పని ఈయనకు. ఒగనాడన్నా నిలబడి, నీ పేరేమప్పా, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది అని అడిగినాడా? వాళ్ళేమన్నా పుట్టినప్పుడే ఇనపోళ్ళా? పట్టుకుపోయి మార్చినోళ్ళు గదా." కూతురు చెప్పింది, రోజూ కుటుంబ ప్రార్థనలో ఇనపోళ్ళ కోసం కూడా అడుగుతున్నాడట. పెద్దమనిషిని నొప్పించకుండా, లేనివాళ్ళ కోసం ప్రార్థన చేయవచ్చా అన్నాను.

"చేసిన ప్రార్థన యాడో ఒగ చోట తగుల్తాది లెండి," అన్నాడు.

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఊరికి పడమర ఒక చీనీ తోట ఉంది, బత్తాయినే మా వైపు చీనీ అంటాం. పెద్ద కమతం వాళ్ళది. ఆ తోటాయన మోటారు ఆగిపోయి మూడు రోజులైందని, ధర్మవరం మెకానిక్కులు ఇంకో రెండు రోజుల దాకా రాలేమన్నారని, చెట్లు ఆకులు ముడుచుకుంటున్నాయని తెలిసింది. అప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. ఈయన పదకొండేళ్ళుగా ఆ తోట వైపు వెళ్ళడని ఊరందరికీ తెలుసు. ఎందుకో నాకు తెలియదు.

"ఈ పని అయిపోతానే నేను పోతా నాయనా," అంది కూతురు.

"నువ్వు కాదు. నేనే పోవాల. అయ్యగారూ, బండి తీయండి."

"ఎవరూ పిలవలేదు కదన్నా."

"తీయండి మీరు."

స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక కూర్చున్నాడు. ఊరు దాటాక చెప్పాడు. "పదకొండేండ్ల కిందట ఆ బోరు నేనే బాగు జేసినా. పొద్దుటి నుంచి పైపులు పీకి, మోటరు తీసి, మళ్ళీ దించేసరికి నాలుక పీక్కపోయింది. వసారా కాడికి పోయి నీళ్ళడిగినా. 'ఆడనే ఉండు,' అన్నాడు. ఆడనే ఉన్నా. దోసిలి పట్టమని పైనుంచి పోసినాడు. నేను తెప్పించిన నీళ్ళే అయ్యగారూ అవి. తాగినా. ఆ పొద్దు నుంచి ఈ దావ తొక్కల్యా."

నేను బండి వేగం తగ్గించాను.

"క్షమించాలని మీరు వాక్యం చెప్పినప్పుడల్లా ఈయనే గుర్తుకొచ్చేది. ఏడిసేవాన్ని. ఏడిసి, కండ్లు తుడుచుకోని, ఇంటికి పొయ్యేవాన్ని. తోట తట్టు మాత్రం పోలా."

"మరి ఇప్పుడెలా?"

"ఇప్పుడు ఏడుపు రావడంలా గదా. పోయి చూస్తాం, ఏమొస్తాదో."

తోటాయన బోరు దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఈయన పలకరించలేదు. బోరు నుంచి పది అడుగులు కొలిచి, మడమతో గీత గీసి, గీతకు అవతల చీనీ చెట్టు కింద కూర్చున్నాడు.

"ఎవరు పిలిచినారు నిన్ను?" అన్నాడు తోటాయన.

"ఎవరూ పిలవల్యా. మోటరు కోసం వచ్చినా. నీ కోసం కాదు."

తోటాయన నా వైపు తిరిగాడు. "ఈయనకు మతి ఉండాదా సామీ? ఆడ కూచోని ఈడ మోటరు ఎట్ల బాగు జేస్తాడు?"

"నా ఎదలో మిషనుండాది. నీ మోటరు తిరిగేటప్పుడు నేను దగ్గరికి రాగూడదు. నువ్వే చెయ్యి. నేను చెప్తా."

తోటాయన తన చెట్లను చూసుకున్నాడు. స్క్రూడ్రైవరును నేనే తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. నన్ను స్టార్టరు దగ్గర నిలబెట్టారు.

"మొన ఇనప పైపుకు ఆనించు. పిడి చెవికి పెట్టుకో. అయ్యగారూ, నొక్కండి. ఆ, ఏం వినపడతాంది?"

"ఏముంది, మోత."

"ఎట్లాంటి మోత?"

"మోతంటే మోతే గదప్పా!"

"ఎద్దు మూలుగుతాందా, తేనెటీగ తిరుగుతాందా?"

తోటాయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఎద్దు."

"ఆపండి, ఆపండి! కాలిపోతాది!" నేను ఆపేశాను. "మోటరు బాగుండాది. దానికి మూడు ఫేజుల్లో ఒగటి అందల్యా. కరెంటు మొత్తం తీసేసి స్టార్టరు పెట్టె తెరువు. లోపల కరెంటు కలిపే మూడు బిళ్ళలుంటాయి. నల్లబడింది ఏది?"

"మూడూ నల్లగానే ఉండాయి."

"గీకి చూడు. మసి యాడిదాకా ఉండాది?"

"ఏమో, తెలీడంలా."

"చెవి లేదు, కన్నూ లేదు నీకు," అని విసుక్కుంటూ ఈయన లేచాడు. గీత దాటి మూడడుగులు వేశాడు.

తోటాయన గిరుక్కున తిరిగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆడనే ఉండు!"

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. కరెంటు మొత్తం తీసేసి ఉంది. ఆ నిమిషంలో ఆ మోటారుకూ పక్కనున్న బండరాయికీ తేడా లేదు. ఆ సంగతి ఈయనకు తెలుసు, తోటాయనకు తెలియదు. పదకొండేళ్ళ కిందటి మాట తోటాయనకు గుర్తుందో లేదో నేను చెప్పలేను. ఆయన చేతులు మాత్రం కొంచెం కిందికి దిగాయి, గొంతు కూడా దిగింది.

"రావద్దులేన్నా. నీకేమన్నా అయితే నీ కూతురికి నేనేం చెప్పుకోవాల? నువ్వు ఆడ్నుంచే చెప్పు, నేను చేస్తా."

మా వీధి మనిషిని ఆయన అన్నా అని పిలవడం నేనెప్పుడూ వినలేదు.

ఈయన వెనక్కి నడిచి గీత అవతల కూర్చున్నాడు. "నడిమి బిళ్ళ తియ్యి," అన్నాడు. తోటాయన తీశాడు. గరుకు కాగితంతో రుద్దమన్నాడు, రుద్దాడు. ఇంకా రుద్దమన్నాడు, ఇంకా రుద్దాడు. బిగించి, కరెంటు ఇచ్చి, మళ్ళీ పైపుకు చెవి పెట్టుకున్నాడు. ఈసారి అడగకముందే చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు. "తేనెటీగ! తేనెటీగన్నా!"

పైపు రెండుసార్లు దగ్గి ఎర్రనీళ్ళు కక్కింది. తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. కాలవలో పారుకుంటూ చీనీ చెట్ల వైపు వెళుతూ ఈయన కూర్చున్న చోటి పక్క నుంచే పోయాయి. ఈయన వంగి దోసిలితో తీసుకుని తాగాడు. నేను ఆయన కళ్ళే చూస్తున్నాను. పొడిగా ఉన్నాయి.

తోటాయన క్షమాపణ అడగలేదు. "ఎండ తగ్గినాక పోండి," అన్నాడు, అంతే. మేము ఎండ తగ్గేదాకా కూర్చున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో నా భుజం తట్టాడు. బండి ఆపాను.

"మాంసం గుండెతో పదకొండేండ్లు ఈ దావ పట్టలేకపోయినా అయ్యగారూ," అన్నాడు.

పుల్పిట్ మీద ఆయన కోసం వెనక్కి తీసుకున్న మాటను నా అంతట నేను వెనక్కి తీసుకున్నది ఆ దారిలోనే.

తర్వాతి నెల మొదటి ఆదివారం. ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్ళెం పట్టుకుని ముందు వరస నుంచి మొదలుపెట్టాను. అలవాటైపోయిన నా కాళ్ళు ఆయన దగ్గర ఆగలేదు. రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి చొక్కా అంచు ఎవరో పట్టుకుని లాగారు.

"అయ్యగారూ, ఈడ ఒగ మనిషుండాడు. చూసుకోకుండా పోతాండారే."